బాలింతకు ఒక్క కాలే ఉబ్బితే: రక్తం గడ్డకట్టే ముప్పును కనిపెట్టడం, తప్పించడం

నల్లగొండ, పాలమూరు ఇళ్లలో బాలింత పిక్క నొప్పిగా ఉందంటే పెద్దవాళ్ల నోట సాధారణంగా మూడు మాటలే వస్తాయి. నీరు దిగిందంటారు, నరం పట్టిందంటారు, మర్రిగూడ, మునుగోడు వైపైతే అంతా ఫ్లోరైడు నీళ్ల పుణ్యమంటారు. చాలాసార్లు వాళ్ల మాటే నిజమవుతుంది. అయితే అదే నొప్పి, అదే వాపు కొద్దిమందిలో కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వాపు మామూలుదో, ఏ వాపుకు రాత్రికి రాత్రే దవాఖానకు పోవాలో, అసలు గడ్డ కట్టకుండా ఇంటివాళ్లు ఏమి చేయగలరో, డాక్టరు ఇంజెక్షన్ రాస్తే దాన్ని ఇంట్లో ఎట్లా వేసుకోవాలో ఇక్కడ చెప్తాను.

కాన్పులో తల్లికి రక్తస్రావం ఎక్కువ కాకుండా శరీరం ముందుగానే సిద్ధపడుతుంది. గర్భం నిలిచినప్పటి నుంచి రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ వంటి పదార్థాలు పెరుగుతాయి, గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్-ఎస్ తగ్గుతుంది. పెరుగుతున్న గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరలను నొక్కడం వల్ల కాళ్ల నుంచి పైకి పోవలసిన రక్తం మందగిస్తుంది. కాన్పు సమయంలో, అందులోనూ ఆపరేషన్ అయినప్పుడు, అక్కడి రక్తనాళాలకు గాయమవుతుంది. రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, ప్రవాహం మందగించడం, నాళం దెబ్బతినడం అనే మూడూ ఒకేచోట కలిసే కాలం ఆడవాళ్ల జీవితంలో ఇదే. ఎడమ కాలి సిర మీదుగా ఒక పెద్ద ధమని అడ్డంగా దాటుతుంది కాబట్టి గర్భిణులలో ఈ గడ్డలు ఎక్కువగా ఎడమ కాలికే వస్తాయి. మనం వాడుకలో వీటన్నిటినీ నరాలనే అంటాం. ఇక్కడ చెప్తున్నది మాత్రం నొప్పి తెలిపే నరాల గురించి కాదు, చెడు రక్తాన్ని గుండెకు చేర్చే సిరల గురించి.

ఈ ముప్పు ఎంతో తెలిస్తే అనవసరమైన భయమూ ఉండదు, అజాగ్రత్తా ఉండదు. వెయ్యిమంది గర్భిణులలో సుమారు ఒకరిద్దరికి మాత్రమే ఇలా జరుగుతుంది. అయినా అదే వయసులో గర్భం లేని స్త్రీతో పోలిస్తే ఇది 4–5 రెట్లు ఎక్కువ. నెలలు నిండే కొద్దీ పెరిగే ఈ ముప్పు కాన్పుతో పోతుందని అందరూ అనుకుంటారు గానీ, రోజుల లెక్కన చూస్తే కాన్పు తరువాతి మొదటి మూడు వారాలలోనే అది అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, ఆరు వారాల దాకా గట్టిగా కొనసాగుతుంది, 12 వారాల వరకు కొద్దిగా మిగిలే ఉంటుంది. బిడ్డ క్షేమంగా పుట్టిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని, తల్లి మీది నుంచి చూపు బిడ్డ మీదికి మళ్లించే రోజులు సరిగ్గా ఇవే.

మీ ముప్పు ఎంతో లెక్క చూసుకోండి

ఈ లెక్కను మూడుసార్లు చూడాలి: గర్భం నిర్ధారణ అయి మొదటిసారి పరీక్షకు పోయినప్పుడు, ఏ కారణంగానైనా దవాఖానలో చేరినప్పుడు, కాన్పు అయిన వెంటనే. మాతా శిశు సంరక్షణ కార్డుతో పాటు ఒక తెల్లకాగితం ఉంచుకుని, మీకు వర్తించేవి దాని మీద రాసుకోవడం మంచిది.

అన్నిటికంటే బరువైన అంశం గతంలో మీకు ఎప్పుడైనా కాలిలో గానీ, ఊపిరితిత్తులలో గానీ, మెదడులో గానీ గడ్డ కట్టి ఉండడం. ఆ ఒక్కటి ఉన్నా మిగతా లెక్క చూడకుండా మొదటి నెలల్లోనే పెద్ద డాక్టరును కలవాలి. తల్లికో తోబుట్టువుకో అలా జరిగి ఉన్నా, మీకు వరుసగా గర్భస్రావాలు అయి యాంటీఫాస్ఫోలిపిడ్ సమస్య అని చెప్పి ఉన్నా, లూపస్, గుండె జబ్బు, సికిల్ సెల్ జబ్బు ఉన్నా ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. తరువాత వచ్చేవి చిన్నవిగా కనిపించినా కలిసి వస్తే పెద్దవయ్యేవి: 35 ఏళ్లు దాటడం, అధిక బరువు, మూడు కాన్పులు అయి ఉండడం, కవలలు, కాళ్ల మీద తేలి కనిపించే ఉబ్బు సిరలు, పొగ అలవాటు, బీపీతో వచ్చే ప్రీఎక్లాంప్సియా, సంతాన సాఫల్య చికిత్సతో నిలిచిన గర్భం, నీళ్లు కూడా నిలవనంత వాంతులు, జ్వరంతో కూడిన ఇన్ఫెక్షన్, కాన్పులో ఒక లీటరు మించి రక్తం పోవడం, రక్తం ఎక్కించుకోవడం, రోజుల తరబడి మంచం పట్టి ఉండడం. బరువు సంగతి కొంచెం స్పష్టంగా చెప్పాలి: 155 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 5 అడుగుల 1 అంగుళం ఉన్న స్త్రీ గర్భం మొదట్లో సుమారు 72 కిలోలు, అంతకు మించి ఉంటే దాన్ని ముప్పుగానే లెక్కించాలి.

ఆపరేషన్ గురించి విడిగా చెప్పవలసిన అవసరం మన రాష్ట్రంలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తంలో 21.5 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే తెలంగాణలో 60.7 శాతం అలా జరిగాయి. ముహూర్తం చూసి చేయించుకున్న ఆపరేషన్ కంటే, నొప్పులు మొదలయ్యాక అత్యవసరంగా చేసిన ఆపరేషన్‌లో ముప్పు ఎక్కువ. కాన్పు కాగానే చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా ఈ లెక్కలోకి వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు; పిల్లలు చాలనుకుంటే చేయించుకోవడం తప్పు కాదు, లెక్కలో మాత్రం కలపాలి.

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి అంశాలు నాలుగు, అంతకు మించి ఉన్నవారికి గర్భం తొలి నెలల నుంచే, మూడు ఉన్నవారికి 28వ వారం నుంచి గడ్డ కట్టకుండా ఆపే ఇంజెక్షన్ ఇవ్వడాన్ని పరిశీలించాలి. కాన్పు తరువాత రెండు అంశాలున్నా, నొప్పుల మీద ఆపరేషన్ జరిగినా కనీసం 10 రోజులు ఇవ్వాలి. గతంలో గడ్డ కట్టినవారికి చాలావరకు గర్భకాలమంతా, ఆపైన ఆరు వారాలు ఇస్తారు. మీ డాక్టరు రక్తస్రావ ముప్పును కూడా చూసి వేరుగా నిర్ణయించవచ్చు. మీరు చేయవలసిందల్లా కాగితం చూపించి, "నాకు రక్తం గడ్డకట్టే ముప్పు ఉందా, కాన్పు తరువాత ఇంజెక్షన్ అవసరమా" అని నోరు తెరిచి అడగడం. బీపీ రాకుండా రోజూ ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటున్నవారు ఇక రక్తం పలుచబడింది కదా అని ఊరుకుంటారు. గర్భిణుల సిరల్లో గడ్డలను ఆపడానికి ఆ మాత్ర ఇంజెక్షన్‌కు బదులు కాదు.

నీళ్లు, నడక

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఈ రెండింటి గురించే, ఎందుకంటే ఖర్చు లేని ఈ రెండింటినీ మనమే బాలింతకు దూరం చేస్తున్నాం. పచ్చి బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, కుట్లు చీము పడతాయని, బిడ్డకు జలుబు చేస్తుందని తల్లిగారింట్లో చెంబు అందకుండా పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇందులో ఏదీ నిజం కాదు. కాన్పు తరువాత పొట్ట పెద్దగా కనిపించడానికి కారణం సాగిన గర్భసంచి, వదులైన కండరాలు. గర్భసంచి తన పూర్వపు పరిమాణానికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది, నీళ్లు మానితే అది తొందరగా కుంచించుకుపోదు. కుట్లలో చీము క్రిముల వల్ల వస్తుంది. నీళ్లు తగ్గించడం వల్ల నిజంగా జరిగేది ఒళ్లు ఎండిపోయి రక్తం చిక్కబడడం. కాన్పు తరువాత మెదడు సిరల్లో గడ్డ కట్టే జబ్బును మన దేశపు వైద్యులు ఎంతో కాలంగా చూస్తున్నారు, ఒంట్లో నీరు తగ్గడాన్ని దాని కారణాల్లో ఒకటిగా చెప్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే నల్లగొండలో తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, కుంపటి పొగ వేసిన గదిలో దాహంతో పడుకోబెట్టడం ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

పథ్యం మొత్తాన్ని మానమని నేను అనడం లేదు. ఎల్లిగడ్డ కారంతో వేడి అన్నం పెట్టండి, తలకు గుడ్డ కట్టుకోమనండి, కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి, కానీ అడిగినన్ని ఇవ్వండి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగడం సులువైన లెక్క. మూత్రం లేత పసుపుగా ఉంటే సరిపోతున్నట్టు, ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తే చాలడం లేదన్నట్టు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు, బీపీతో దవాఖానలో ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

నడక విషయంలోనూ ఇంతే. మామూలు కాన్పు అయిన తల్లి ఒంట్లో ఓపిక రాగానే, అంటే కొద్ది గంటల్లోనే, లేచి నాలుగు అడుగులు వేయవచ్చు. ఆపరేషన్ అయినవారు నడుము మత్తు దిగేదాకా పడుకునే పాదాలను ముందుకు, వెనక్కు వంచుతూ గంటకు పది, పదిహేనుసార్లు ఆడించాలి, ఎందుకంటే పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా సిరల్లోని రక్తం పైకి తోయబడుతుంది. మత్తు దిగి, సిస్టర్ సరేనన్న తరువాత ఒక పక్కకు తిరిగి, చేతుల ఆసరాతో లేచి కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని, ఒకరు పట్టుకోగా నిలబడాలి. మొదటి రోజు మరుగుదొడ్డి దాకా, రెండో రోజు వార్డు చివరిదాకా నడిస్తే చాలు. అడుగు వేస్తే కుట్లు తెగవు. ఇంటికి వచ్చాక పాలివ్వడానికి మినహా మంచం దిగనివ్వని పద్ధతికి స్వస్తి చెప్పాలి. విశ్రాంతి అంటే బరువులు ఎత్తకపోవడం, ఇంటి చాకిరీ చేయకపోవడం, నిద్ర పోవడమే గాని కదలకుండా పడి ఉండడం కాదు.

ఇది అమ్మకో అత్తమ్మకో బాలింత తానే చెప్తే ఎదురు మాట్లాడినట్టవుతుంది. దవాఖాన నుంచి పంపించే రోజున వాళ్లను పక్కన నిలబెట్టి డాక్టరు చేతనో, ఇంటికి వచ్చినప్పుడు ఏఎన్‌ఎం చేతనో, ఆశా కార్యకర్త చేతనో ఆ రెండు మాటలూ అనిపిస్తే గొడవ ఉండదు.

ప్రయాణాల గురించి కూడా ఒక మాట. మక్తల్, నారాయణపేట వైపు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయే కుటుంబాలలో నెలలు నిండే ముందు ఇంటికి రావడం, కాన్పు కాగానే తిరిగి పోవడం మామూలే. నాలుగు గంటలు మించి ఒకేచోట కాళ్లు వేలాడేసి కూర్చోవడం ముప్పును పెంచుతుంది. బస్సులో నడవా పక్కన సీటు తీసుకుని, బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడవాలి, కూర్చున్నంతసేపూ పాదాలు ఆడించాలి, మరుగుదొడ్డి ఇబ్బందికి భయపడి నీళ్లు మానకూడదు. కాళ్లకు వేసే బిగుతు మేజోళ్లు డాక్టరు కొలత చూసి రాస్తేనే వాడాలి. ఇంట్లో ఉన్న క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టడం వాటికి సాటి కాదు.

ఎప్పుడు అనుమానించాలి

నెలలు నిండినవారికి సాయంత్రానికి రెండు కాళ్లూ సమానంగా వాచి, తెల్లారేసరికి తగ్గితే అది చాలావరకు మామూలు నీరే. ముఖం, చేతులు కూడా ఉబ్బితే, తలనొప్పి ఉంటే ఆ రోజే బీపీ చూపించాలి. గడ్డ కట్టిన కాలి తీరు వేరు: ఒక్క కాలే, ఎక్కువగా ఎడమది, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ఉబ్బుతుంది, పిక్కలోనో తొడలోనో గజ్జలోనో నొప్పి ఉంటుంది, ముట్టుకుంటే రెండో కాలి కంటే వేడిగా తగులుతుంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి రంగును నమ్ముకోవద్దు. దర్జీ టేపుతో రెండు పిక్కలనూ మోకాలి కింద ఒకే దూరంలో కొలవండి; తేడా 2 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే అనుమానం బలపడినట్టే. తేడా లేకపోయినా నొప్పి ఉంటే చూపించుకోవాలి, ఎందుకంటే గడ్డ పొత్తికడుపు సిరల్లో ఉంటే మొదట నడుము నొప్పి, గజ్జ నొప్పిగానే కనిపించవచ్చు. బోదకాలు మన జిల్లాలకు కొత్త కాదు, అందుకే ఒక్క కాలి వాపు చూడగానే అదేనని తేల్చేస్తారు. బోదకాలు ఏళ్ల మీద ముదురుతుంది, నిన్న లేని వాపు ఈరోజు ప్రత్యక్షం కావడం దాని స్వభావం కాదు.

అనుమానం ఉన్న కాలికి నూనె పెట్టి మర్దన చేయకూడదు. బాలింతకు ఒళ్లు పిసికే మంత్రసానమ్మకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి, పిసికితే గడ్డ కదిలిపోయే ప్రమాదం ఉంది.

ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఊపిరి లోపలికి తీసుకుంటే ఛాతీలో పొడిచినట్టుండడం, దగ్గులో రక్తం పడడం, గుండె దడ, స్పృహ తప్పడం అనేవి గడ్డ ఊపిరితిత్తులకు చేరిన గుర్తులు కావచ్చు. వీటికి ఊరి వైద్యుడి దగ్గర ఒక సెలైన్ పెట్టించి చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు సిరల్లో గడ్డ కడితే రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం వస్తాయి. నడుముకు మత్తు ఇచ్చిన తరువాత వచ్చే తలనొప్పి పడుకుంటే తగ్గి, లేస్తే పెరుగుతుంది. పడుకున్నా తగ్గనిదాన్ని ఆ ఖాతాలో వేయవద్దు. బాలింతకు ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగే సమయం మొత్తం మెదడుకు నష్టం చేసే సమయమే. అమ్రాబాద్, దేవరకొండ తండాల వంటి దూరపు ఊళ్లవారు తెల్లారనిద్దాం అనుకోకుండా బయలుదేరడం మేలు.

దవాఖానలో, ఇంట్లో ఇంజెక్షన్

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ దవాఖానలు రెండూ వైద్య కళాశాలలకు అనుబంధమైనవి. ఎక్కడికి పోయినా మొదటి వాక్యంలోనే "ఎన్నో నెల" లేదా "కాన్పై ఎన్ని రోజులు" అన్నది చెప్పండి; కాలి నొప్పి అని మాత్రమే చెప్తే ఎముకల విభాగం వరుసలో నిలబడవలసి వస్తుంది. కాలి సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ చేస్తారు, అందులో రేడియేషన్ ఉండదు. గడ్డ జాడ చెప్పే డీ-డైమర్ అనే రక్తపరీక్ష విలువ గర్భిణులలో ఎలాగూ పెరిగే ఉంటుంది కాబట్టి దాని మీద ఆధారపడలేము. ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ అవసరమంటే బిడ్డకు ఏమవుతుందోనని వెనుకాడవద్దు; కడుపులోని బిడ్డకు చేరే రేడియేషన్ చాలా తక్కువ, జబ్బు తేలకపోవడమే ఇద్దరికీ ముప్పు. అనుమానం గట్టిగా ఉంటే స్కాన్ కాకముందే మందు మొదలుపెడతారు.

ఆ మందు సాధారణంగా ఎనాక్సపారిన్ వంటి హెపారిన్ ఇంజెక్షన్. అది మాయను దాటి బిడ్డకు చేరదు, పాలిచ్చే తల్లికీ సురక్షితం. ముందు జాగ్రత్తగా ఇచ్చేటప్పుడు 50 నుంచి 90 కిలోల బరువున్నవారికి రోజుకు 40 మిల్లీగ్రాముల మోతాదు వాడుకలో ఉంది. గడ్డ కట్టిన తరువాత ఇచ్చే మోతాదు దీనికంటే ఎక్కువ, దాన్ని కాన్పు తరువాత కనీసం ఆరు వారాలు, మొత్తం మీద కనీసం మూడు నెలలు కొనసాగిస్తారు. వార్ఫరిన్ గర్భంలో బిడ్డకు హాని చేయగలదు గాని పాలిచ్చేటప్పుడు రక్తపరీక్షలతో వాడవచ్చు. రివరోక్సబాన్, అపిక్సబాన్ వంటి మాత్రలు గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ పనికిరావు. ఇంట్లో ఎవరికో రాసినవి వేసుకోకూడదు.

మందు నింపి వచ్చే సిరంజీతో ఇంజెక్షన్ ఇంట్లోనే వేసుకోవచ్చు. మొదటి రెండుసార్లు సిస్టర్ ఎదురుగా వేసుకుని నేర్చుకోండి. చేతులు కడుక్కుని, వెనక్కి ఆనుకుని కూర్చుని, బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో పొట్ట పక్కభాగాన చర్మాన్ని మడతగా పట్టుకోవాలి. నిండు నెలల్లో అక్కడ ఇబ్బందిగా ఉంటే తొడ బయటి వైపు వేయవచ్చు. సిరంజీలోని గాలి బుడగను బయటకు తోయకూడదు. సూదిని నిటారుగా పూర్తిగా దించి, మందును నెమ్మదిగా నొక్కి, సూది తీసేదాకా మడత వదలకూడదు. తరువాత రుద్దవద్దు, రుద్దితే నల్లగా కములుతుంది. ఒకరోజు కుడి వైపు, మరుసటి రోజు ఎడమ వైపు, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మరిచిపోతే రెండు మోతాదులు కలిపి వేయరాదు. వాడిన సిరంజీలను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఏఎన్‌ఎంకు అప్పగించండి.

నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తరువాతి ఇంజెక్షన్ వేసుకోకుండా దవాఖానకు పోయి, చివరిది ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పాలి. ముందు జాగ్రత్తగా ఇచ్చే తక్కువ మోతాదు తరువాత 12 గంటలు, గడ్డ కట్టాక ఇచ్చే ఎక్కువ మోతాదు తరువాత 24 గంటలు గడిస్తే గాని నడుముకు మత్తు ఇవ్వరు. ఇంకో జాగ్రత్త మన పల్లెలకు ప్రత్యేకమైనది: ఈ మందు మీద ఉన్నంతకాలం ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోకండి, కండరంలో రక్తం చేరి గడ్డలా తేలుతుంది.

కాన్పు తరువాత గర్భనిరోధకాల విషయంలో కూడా చూసుకోవాలి. మాలా-ఎన్ వంటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, కాన్పైన మొదటి ఆరు వారాలలో దాన్ని వాడరాదు, పాలిచ్చేవారు ఆరు నెలల దాకా ఆగడం మంచిది, గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవారు అసలే ముట్టకూడదు. వారికి కాపర్-టీ సరిపోతుంది, కాన్పైన 48 గంటలలోపే వేయించుకోవచ్చు.

గడ్డ కట్టి నయమైన తల్లి ఏ తేదీన, ఏ కాలికి, ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటిదాకా అన్న వివరాలను ఒక కాగితం మీద రాయించుకుని, డాప్లర్ రిపోర్టుతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచుకోవాలి. మళ్లీ నెల తప్పినప్పుడు మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆనవాయితీని పక్కన పెట్టి, పరీక్షలో రెండు గీతలు కనిపించిన వారంలోనే ఆ కవరును డాక్టరు ముందు పెట్టాలి.